వైరల్ లోడ్ లేదన్నారు, మరి ఈ రిపోర్టులో ఎర్ర బాణాలెందుకు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువభాగం హెచ్‌ఐవీ మందులు వాడుతున్నవాళ్లు, వాళ్లింట్లోవాళ్లు రాసినవే. ల్యాబ్ కోర్సు చదువుతున్న ఒకమ్మాయి ప్రశ్న కూడా వీటితో కలిసింది. పేర్లు, ఊళ్లు తీసేశాం, ఏ వైపు వాళ్లో మాత్రం ఉంచాం, ఎందుకో మొదటి జవాబులోనే తెలుస్తుంది.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది సోంపేట వైపు. వయసు 43, కొబ్బరికాయల వ్యాపారం. చాలా ఏళ్లుగా ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్లో మందులు తీసుకుంటున్నాను, ఇప్పుడు రాత్రికి ఒక్క బిళ్ల. మొన్న వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది. సీడీ4 (రక్షణ కణాల లెక్క) ఎప్పుడో 600 దాటింది. తెలిసినవాళ్లు చెప్పారని విశాఖలో ఒక ల్యాబ్‌లో 'ఇమ్యూన్ ప్రొఫైల్' ప్యాకేజీ చేయించుకున్నాను. నియోప్టెరిన్ 14, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ 3.4, సీఆర్‌పీ 4, ఇంటర్‌ల్యూకిన్-6 కొంచెం ఎక్కువ, డీ-డైమర్ నార్మల్. నాలుగింటి పక్కన ఎర్ర బాణాలు. అక్కడి కుర్రాడు "లోపల వైరస్ యాక్టివ్‌గా ఉన్నట్టుంది, మందు మార్పించుకోండి" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మందు పనిచేయడం మానేసిందా?

జవాబు: లేదు, పనిచేస్తోంది. ఈ రిపోర్టు చూసి మందు మార్చాల్సిన పనిలేదు. ఇవాళ్టికి ఈ మాట పట్టుకుని పడుకోండి, మిగతాది రేపు తీరిగ్గా చదువుకోవచ్చు.

మందు వైరస్‌ని అణిచిందా లేదా అన్నది చెప్పేది వైరల్ లోడ్. మీరు చేయించుకున్న ప్యాకేజీలో ఏ ఒక్కటీ వైరస్‌ని లెక్కపెట్టదు. ఒంట్లో రక్షణ వ్యవస్థ ఎంత హడావిడిగా ఉందో మాత్రం అవి చెప్తాయి, దాన్నే ఇమ్యూన్ యాక్టివేషన్ అంటున్నారు. విజయనగరంలో సిరిమానోత్సవానికి దించిన పోలీసు బందోబస్తు, పండగ అయిపోయి జనం ఇళ్లకెళ్లిపోయాక కూడా మూడు లాంతర్ల కూడలి దగ్గరే తిష్ఠ వేసి దారినపోయే ప్రతివాడినీ ఆపి సోదా చేస్తుంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాంటిదే. దొంగలు దొరికారు, లాఠీలు మాత్రం ఇంకా కింద పెట్టలేదు.

ఎందుకు పెట్టరంటే, హెచ్‌ఐవీ ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే పేగుల్లో ఉండే సీడీ4 కణాలు పెద్దఎత్తున పోతాయి. అక్కడ పేగు గోడ బలహీనపడి, లోపలుండే బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి చేరుతుంటాయి, 2006లో అమెరికా పరిశోధకులు రోగుల రక్తంలో వీటిని కొలిచి చూపించారు కూడా. మందులతో వైరస్ అణిగాక పేగు చాలావరకు కోలుకుంటుంది గానీ పూర్తిగా మునుపటిలా అవదు. దానికి తోడు లింఫ్ గ్రంథుల్లో నక్కి ఉన్న వైరస్ ఒకటి, మనలో చాలామందికి చిన్నప్పుడే అంటుకుని జీవితాంతం ఉండిపోయే సైటోమెగలో వైరస్ ఒకటి. అందుకే వైరల్ లోడ్ కనపడనివాళ్లలో కూడా ఆ ప్యాకేజీలో కొలిచిన ఈ మార్కర్లు, హెచ్‌ఐవీ లేనివాళ్లతో పోలిస్తే సగటున ఒక పిసరు పైనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 3.4 కాదు, సోంపేట అన్న మాట.

బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనేది దాదాపు ప్రతి కణం ఉపరితలం మీదా ఉండే చిన్న ప్రొటీను. కణాలు చురుగ్గా ఉన్నప్పుడు, పుట్టి చస్తున్నప్పుడు అది ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. మామూలుగా లీటరుకి 2.5 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు. రక్తంలో కలిసినదాన్ని కిడ్నీలే వడకట్టి వదిలించాలి. కిడ్నీ కాస్త మందగించిందంటే, రక్షణ వ్యవస్థ ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే ఈ అంకె పైకెళుతుంది. రక్షణ కణాలు వదిలే నియోప్టెరిన్‌దీ అదే దారి, అది కూడా మూత్రంలోనే పోవాలి. రెండూ కలిసి కొంచెం కొంచెం పెరిగాయంటే, అందులోనూ మనిషి సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వాడైతే, కిడ్నీ జబ్బు ఇంటింటా కనపడే ఆ ఉద్దానం సంగతి ఎరిగిన ఏ డాక్టరైనా ముందు అడిగేది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అని. మీ ప్యాకేజీలో అదే లేదు! ప్యాకేజీకి అన్ని వేలు తీసుకున్న చోట, అన్నిటికంటే చవకగా అయ్యే పరీక్ష వదిలేశారు.

ఈసారి సెంటర్‌కి వెళ్లినప్పుడు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను, బీపీ, షుగరు చూపించుకోండి. క్రియాటినిన్‌తో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వేగంగా వడకడుతోందో, లెక్క కట్టమనండి. ఇక్కడ ఒక చిక్కుంది, అది మీ రాత్రి బిళ్లలోనే ఉంది. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువమందికి ఇస్తున్న బిళ్లలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు మందులుంటాయి. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన నెల లోపల క్రియాటినిన్ 0.1, 0.2 పెరిగి అక్కడే ఆగుతుంది. ఇది కిడ్నీ పాడైనట్టు కాదు, క్రియాటినిన్ మూత్రంలోకి వెళ్లే ఒక దారిని మందు మూస్తుందంతే. టెనోఫోవిర్ అలా కాదు, కొద్దిమందిలో అది నిజంగానే కిడ్నీ నాళికల్ని దెబ్బతీస్తుంది. పెరుగుతూ పోతున్న క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను కలిసి కనపడితే టెనోఫోవిర్ తీసేసి అబకవీర్ ఉన్న మందులకి మారుస్తారు, అవీ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఆ నిర్ణయం మీ సెంటర్ డాక్టరు తీసుకోవాలి, ల్యాబ్ కౌంటర్లో కుర్రాడు కాదు.

ఇంకొకటి అడగాలి. కాయల బస్తాలు మోసో, మోయించో నడుం పట్టేస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటారా? ఉద్దానంలో ఈ అలవాటు లేని ఇల్లు నేను తక్కువ చూశాను. టెనోఫోవిర్ వాడుతున్నవాళ్లు ఆ బిళ్లల జోలికి పోకూడదు, నొప్పి మరీ ఉంటే పారాసిటమాల్ చాలు.

సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6) అనేవి ఒంట్లో వాపు ఉంటే పెరిగేవి, వాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో వెతికితే మీకు ముందు కనపడేది భయపెట్టే మాటే. స్మార్ట్ అనే పెద్ద అధ్యయనంలో 33 దేశాల నుంచి 5,472 మందిని తీసుకుని, సగం మందికి మందులు ఆపకుండా ఇచ్చారు, మిగతా సగానికి సీడీ4 బాగున్నప్పుడు ఆపి, పడిపోయినప్పుడు మళ్లీ ఇచ్చారు. ఆపినవాళ్లలో చావులు ఎక్కువ కావడంతో 2006లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. 2008లో దాచిన రక్తం తీసి చూస్తే, ఐఎల్-6, డీ-డైమర్ (రక్తం గడ్డకట్టే జోరు చెప్పేది) ఎక్కువున్నవాళ్లలోనే ఎక్కువమంది చనిపోయారని తేలింది. ఇది నిజం, గట్టి సాక్ష్యం. కానీ వేలమందిని రెండు వరసల్లో నిలబెడితే ఏ వరసకి ప్రమాదం ఎక్కువో చెప్పే అంకె వేరు, ఒక మనిషికి రేపు ఏం చేయాలో చెప్పే అంకె వేరు. ఐఎల్-6 పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. పిప్పి పన్ను ఉన్నా, రాత్రి నిద్ర లేకపోయినా, పొట్ట చుట్టూ కొవ్వున్నా పెరుగుతుంది. మీ సీఆర్‌పీ 4 అన్నది బొజ్జ ఉన్న నడివయసు మగవాళ్లలో హెచ్‌ఐవీ లేనివాళ్లకి కూడా రోజూ కనపడే అంకె. పదికి పైన ఉంటే ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతుకుతాం.

ఆ ప్యాకేజీ మళ్లీ చేయించకండి. మీ ఆవిడకి చెప్పండి, ఒక్కరే మోయడం దేనికి?

ప్రశ్న: సార్, నేను విజయనగరంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. నియోప్టెరిన్ శాంపిల్ ట్యూబుకి అల్యూమినియం రేకు చుట్టమన్నారు, ఎందుకో చెప్పలేదు. అసలు ఈ పరీక్ష హెచ్‌ఐవీకి ఎలా వచ్చింది? సీడీ4 ఉండగా ఇదెందుకు?

జవాబు: వెలుతురు తగిలితే నియోప్టెరిన్ విరిగిపోతుందమ్మా. కిటికీ పక్కన స్టాండులో ట్యూబు మధ్యాహ్నం దాకా ఉంచారంటే నిజంగా ఎక్కువున్న రోగికి కూడా నార్మల్ అని వస్తుంది. రేకు చుట్టి, చల్లగా ఉంచి, తొందరగా పంపాలి. రేకు ఎందుకో చెప్పకుండా చుట్టమంటే పని ఎక్కువున్న రోజు ఎవరో ఒకరు మానేస్తారు, అందుకని మీరు మీ తర్వాతవాళ్లకి కారణంతో సహా చెప్పండి.

ఇది పుట్టే తీరు మీ బయోకెమిస్ట్రీ పుస్తకంలో ఉండకపోవచ్చు, చెప్తాను. టీ కణాలు (సీడీ4 లాంటి రక్షణ కణాలు) రెచ్చిపోతే ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రొటీను వదులుతాయి. అది మాక్రోఫేజ్‌లకి, అంటే క్రిముల్ని మింగే కణాలకి, తగలగానే వాటిలో జీటీపీ సైక్లోహైడ్రోలేజ్ అనే ఎంజైము పని జోరందుకుంటుంది. జీటీపీ నుంచి ఒక మధ్య పదార్థం తయారవుతుంది. మామూలు కణాల్లో దాన్ని తర్వాతి ఎంజైము అందుకుని బయోప్టెరిన్ దారి పట్టిస్తుంది. మనిషి మాక్రోఫేజ్‌లలో ఆ తర్వాతి ఎంజైము బలం తక్కువ. దాంతో ఆ పదార్థం పేరుకుపోయి నియోప్టెరిన్‌గా మారి బయటికొస్తుంది. ఎలుకల్లో ఇలా జరగదు, కాబట్టి ఎలుకల మీద ప్రయోగం చేసి నియోప్టెరిన్ గురించి తేల్చే వీలు లేదు.

ఇంటర్‌ఫెరాన్-గామా అణువు రక్తంలో నిలవదు, పట్టుకుని కొలవడం కష్టం. నియోప్టెరిన్ చీకట్లో ఉంచితే చెక్కుచెదరదు, మూత్రంలోనూ దొరుకుతుంది. అదే దాని గొప్ప. ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్ శాస్త్రవేత్తలు 1970ల చివర్లో క్యాన్సర్, వైరస్ జబ్బులున్నవాళ్ల మూత్రంలో ఇది పెరగడం గమనించారు. ఎయిడ్స్ వచ్చాక అందరి చూపూ దీని మీద పడింది. ఆస్ట్రియాలో రక్తదాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి చేశారు కూడా, ఎందుకంటే యాంటీబాడీలు ఇంకా రాని తొలి వారాల్లోనే ఇది పెరుగుతుంది. ఏ వైరస్సో చెప్పదు, ఏదో ఉందని మాత్రం చెప్తుంది.

సీడీ4 ఉండగా ఎందుకంటారా, అప్పట్లో సీడీ4 కొలవాలంటే ఫ్లో సైటోమీటర్ అనే కణాల్ని లెక్కపెట్టే యంత్రం కావాలి, రక్తం తాజాగా ఉండాలి. నియోప్టెరిన్, బీటా-2 అయితే సీరం తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. 1990లో లాస్ ఏంజెలిస్ పరిశోధకులు వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూశారు. జబ్బు ముదురుతుందని ముందుగా చెప్పడంలో ఒంటరిగా సీడీ4దే పైచేయి, దానికి ఈ రెండింటిలో ఒకదాన్ని జత చేస్తే అంచనా ఇంకా మెరుగుపడింది. 1996లో వైరల్ లోడ్ పరీక్ష వాడుకలోకి వచ్చింది, మూడు మందుల చికిత్స కూడా అదే కాలానిది. ఆ తర్వాత రోగి మంచం దగ్గర వీటి అవసరం తగ్గిపోయింది, పరిశోధనల్లో మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

టీబీ, మలేరియా, డెంగీ, కీళ్లవాతం, మార్పిడి చేసిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడం, వీటన్నిట్లోనూ నియోప్టెరిన్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. వానాకాలంలో మన జిల్లాల్లో జ్వరం మీదున్న మనిషికి ఈ పరీక్ష చేసి హెచ్‌ఐవీ గురించి మాట్లాడితే నవ్విపోతారు. ఇంకోటి, పరీక్షలో అడుగుతారు కాబట్టి: బీటా-2 రక్తంలో పెరిగితే యాక్టివేషనో, కిడ్నీ వడపోత తగ్గడమో. మూత్రంలో పెరిగితే నాళికలు దాన్ని తిరిగి పీల్చుకోలేకపోతున్నాయని, టెనోఫోవిర్ దెబ్బ కూడా ఇలాగే కనపడొచ్చు. పుల్లటి మూత్రంలో, అంటే పీహెచ్ 6 కంటే తక్కువుంటే, ఆ ప్రొటీను ముక్కలైపోతుంది. ఆ శాంపిల్ నార్మల్ అని రాసిచ్చే ముందు ఒకసారి పీహెచ్ స్ట్రిప్ ముంచండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది మందస వైపు కొండకింద ఊరు. ఇలాంటి పరీక్షలకి మాకు డబ్బులు లేవు. సెంటర్లో సీడీ4 కూడా ఈమధ్య చేయడం లేదు, వైరల్ లోడ్ ఒక్కటే, అదీ ఏడాదికోసారి. మమ్మల్ని పట్టించుకోవడం మానేశారా?

జవాబు: మానేయలేదండీ. సీడీ4 350 దాటి, వైరల్ లోడ్ అదుపులో ఉంటే సీడీ4 మళ్లీ మళ్లీ అక్కర్లేదన్నది జాతీయ మార్గదర్శకమే. మందులు మొదలెట్టిన ఆరు నెలలకి, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్. దాని కోసం రక్తం ఇచ్చే రోజు తప్పించుకోకండి, చేపల వేటకో కూలికో గుజరాత్, హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే వెళ్లేముందే అడిగి చేయించుకోండి, అక్కడి సెంటర్‌కి బదిలీ కాగితం కూడా రాయించుకోవచ్చు.

డబ్బులేనివాళ్ల మార్కర్ ఒకటి మీ పాత కాగితాల్లోనే ఉంటుంది, తీసి చూడండి. లివర్ పరీక్షలో టోటల్ ప్రొటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అని మూడు వరసలుంటాయి. వైద్యం లేని హెచ్‌ఐవీలో, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు అదుపు తప్పి పనికొచ్చేవీ పనికిరానివీ కలిపి యాంటీబాడీలు కుమ్మరిస్తాయి, అవన్నీ గ్లోబ్యులిన్ లెక్కలోకే వస్తాయి. దాంతో గ్లోబ్యులిన్ ఆల్బుమిన్‌ని దాటేస్తుంది, ఈఎస్ఆర్ కూడా ఎక్కడికో వెళుతుంది. మందులు మొదలెట్టిన ఏడాదిలో ఈ అంకె దిగుతూ రావడం చూస్తుంటే నాకు ఏ నియోప్టెరినూ ఇవ్వని తృప్తి ఉంటుంది. లివర్ జబ్బున్నవాళ్లలో కూడా ఇలాగే తలకిందులవుతుంది కాబట్టి ఎవరికి వాళ్లు తేల్చేసుకోకుండా డాక్టరుకి చూపించాలి.

ప్రశ్న: సార్, మా ఆయనకి రెండు నెలల కిందట హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టారు. సీడీ4 60 ఉండేది. మూడు వారాలకే జ్వరం, మెడ దగ్గర గడ్డలు. సీఆర్‌పీ 90 వచ్చింది, టీబీ అన్నారు. మందుల వల్లే వచ్చిందని మా అత్తగారు ఆపించేశారు. బొబ్బిలి వైపు నుంచి రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ఇది చదివిన రోజే ఆయన్ని ఏఆర్‌టీ సెంటర్‌కి తీసుకెళ్లండి. మందులు టీబీని తేలేదు. అది ముందే ఉంది, కానీ సీడీ4 60 ఉన్న ఒంట్లో దాన్ని గుర్తుపట్టే బలం లేదు. మందులు పడగానే బలం వచ్చి ఒక్కసారిగా మీదపడింది, జ్వరం, గడ్డలు, సీఆర్‌పీ 90 అన్నీ ఆ గొడవే. దీన్ని ఐఆర్ఐఎస్ అంటారు. ఎక్కువమందిలో టీబీ మందులు, హెచ్‌ఐవీ మందులు రెండూ నడిపిస్తూనే తగ్గిస్తారు, అవసరమైతే కొన్నాళ్లు స్టెరాయిడ్ కలుపుతారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకి రెండు పూటలా వేయాలి, ఆ సంగతి సెంటర్లో గుర్తుచేయండి. అత్తగారికి నచ్చజెప్పడం కష్టమైతే ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి, కౌన్సిలర్ మాట వింటారు.

ప్రశ్న: ఇమ్యూన్ యాక్టివేషన్ తగ్గడానికి తిప్పతీగ పొడి, ఒక కంపెనీ ఇమ్యూనిటీ బూస్టర్ డబ్బా వాడమంటున్నారు. మా అమ్మకి 58, పదేళ్లుగా ఏఆర్‌టీ మీద ఉంది, అడ్డపొగ తాగుతుంది. వాడొచ్చా? — గార వైపు నుంచి

జవాబు: రక్షణ వ్యవస్థ అతిగా ఊగిపోతోందని తేలినవాళ్లకి, దాన్ని ఇంకా పెంచే డబ్బా అమ్ముతున్నారన్నమాట! పని చేయకపోతే డబ్బు దండగ, నిజంగా పనిచేస్తే ఇంకా ప్రమాదం. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. వద్దు. ఆ డబ్బాల్లో కాల్షియం, ఐరన్, జింక్ లాంటివి కూడా ఉంటాయి, ఖాళీ కడుపున ఏఆర్‌టీ బిళ్లతో కలిపి వేస్తే డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు.

అడ్డపొగ చుట్ట గురించి మీరు చివర్లో రాశారు గానీ నేనైతే దాన్నే ముందు రాసేవాణ్ణి. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన తీరం వెంబడి ఆడవాళ్లలో పాతది, అంగిలి క్యాన్సర్‌కి దీనికి ఉన్న లంకె డాక్టర్లకి దశాబ్దాలుగా తెలుసు. పొగాకు సీఆర్‌పీని, ఐఎల్-6ని పెంచుతుంది. చుట్ట మాన్పించడం ఒక్కటే ఆ డబ్బాలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది. అమ్మ నోరు తెరిపించి టార్చి వేసి అంగిలి చూడండి, తెల్ల మచ్చలో ఎర్ర మచ్చలో ఉంటే పళ్ల డాక్టరు దగ్గరికి.

మందు అంటూ కావాలంటే ఒకటుంది. రిప్రీవ్ అనే అధ్యయనంలో 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మందిని తీసుకున్నారు, వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. హెచ్‌ఐవీ అదుపులో ఉండి, గుండెపోటు ముప్పు పెద్దగా లేదనుకున్నవాళ్లే. రోజూ పిటావాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి) వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు మూడో వంతు తగ్గాయని 2023లో ప్రకటించారు. కొవ్వు తగ్గడం ఒక్కటే దీనికి కారణం కాదేమో, ఇమ్యూన్ యాక్టివేషన్ తగ్గడం కూడా ఉందేమో అన్న చర్చ నడుస్తోంది. మీ అమ్మగారి వయసుకి స్టాటిన్ గురించి అడగడంలో తప్పులేదు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూసి డాక్టరు చెప్తారు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ విషయం ఏఆర్‌టీ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, డోలుటెగ్రావిర్‌తో కలిస్తే దాని మోతాదుకి హద్దుంది.

ప్రశ్న: వైరల్ లోడ్‌కి రక్తం ఇచ్చే రోజు పరగడుపున వెళ్లాలా? జలుబు ఉంటే వెళ్లొచ్చా? — నెల్లిమర్ల వైపు నుంచి

జవాబు: తినే వెళ్లండి, నీళ్లు బాగా తాగండి, నరం తొందరగా దొరుకుతుంది. అదే రోజు షుగరు, కొలెస్ట్రాల్ కూడా రాసుంటే మాత్రం పరగడుపున వెళ్లి, రక్తం ఇచ్చాక తినండి. మామూలు జలుబుకి ఆగక్కర్లేదు. గట్టి జ్వరం వచ్చి తగ్గి వారమే అయితే ఆ సంగతి చెప్పండి, అలాంటప్పుడు లోడ్ కాసేపు చిన్నగా పైకొచ్చి దానంతటదే పోవచ్చు, చూసి కంగారుపడి మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.